తంతి కంటే ముందే దిగిన నాన్న

మొన్న కలకత్తా న్యూ టౌన్‌లో మనవరాలి ఫ్లాట్‌లో కూర్చుని ఉంటే, విశాఖలో ఏదో పెళ్ళికి టికెట్లు చూస్తూ ఆ పిల్ల, ఆకాశం దారిలో ఏడు వందల చిల్లర కిలోమీటర్లేనట అమ్మమ్మా, గంటన్నరలో దిగిపోతామట అంది. దానికేం, అంటుంది. ఆ దూరం మా నాన్నని ఎంత ఏడిపించిందో దానికేం తెలుసు.

అరవైల్లో మేము అక్కడే వాట్‌గంజ్ పేటలో ఉండేవాళ్ళం, నాన్నకి రేవులో క్రేను నడిపే ఉద్యోగం. మన ఈడు వాళ్ళకి చెప్పనక్కరలేదు, ఆ రోజుల్లో ఊరికెళ్ళడమంటే హౌరాలో సాయంత్రం మెయిలెక్కి, మర్నాడు మధ్యాహ్నానికి బొగ్గునుసి పట్టిన మొహాలతో వాల్తేరు స్టేషన్లో దిగడమే. దమ్‌దమ్ నుంచి విమానం కూడా ఉందని వినేవాళ్ళం గానీ, అది ఆఫీసర్ల సంగతిలే అనుకునేవాళ్ళం.

ఓ వేసవిలో, రాత్రి నాన్నమ్మ పోయిందని తెల్లవారుతూనే తంతి వచ్చింది. మావాళ్ళలో భూస్థాపననాడు పెట్టెను గోతిలోకి దింపాక మొదటి గుప్పెడు మట్టి పెద్దకొడుకు వేయాలి, ఆ తర్వాతే తక్కినవాళ్ళు. పెద్దకొడుకు నాన్నే. మెయిలుకి వెళితే ఆ ఎండల్లో మర్నాటిదాకా ఎవరూ ఉంచరని ఆయన గుండెలు బాదుకుంటూ ఉంటే, దమ్‌దమ్‌లో పనిచేసే పక్కవాటా బెంగాలీ దాదా, పద, పొద్దున్నే విమానముంది, నేనెక్కిస్తానని టాక్సీ పిలిచాడు. గుమ్మం దిగుతుంటే అమ్మ వెనకనుంచి అరిచింది, “వస్తన్నానని ఓ తంతి కొట్టించండి!” నాన్న తిరిగి చూడకుండానే, “తంతెందుకేటే? అదందేలోగా నాను దిగిపోనూ?” అన్నాడు. విమానం ఎక్కుతున్న గర్వం కాదది, తల్లి దగ్గరికి తొందర.

విమానం భువనేశ్వర్‌లో ఆగి, మధ్యాహ్నం దాటాక విశాఖలో దింపిందట. నాన్న రిక్షా దిగేసరికి ఇంటిముందు చర్చి బెంచీలను బండికెత్తుతున్నారట, ఆడవాళ్ళు వాకిలి కడుగుతున్నారట. మావాళ్ళ లెక్క మావాళ్ళది మరి. కలకత్తానుంచి మనిషి రావాలంటే మెయిలే, మెయిలంటే రేపే. విమానంలో దిగుతాడని కలలోనైనా ఎవరనుకుంటారు? బాబాయి కాళ్ళమీద పడి, “ఒక్క ముక్క తెలిస్తే సాయంత్రందాకా ఆగేవోళ్ళం గదన్నియ్యా” అని ఏడ్చాడట. మొదటి గుప్పెడు ఆయనే వేశాడు. నాన్న సమాధులతోటకి వెళ్ళి, కప్పేసిన మట్టిమీద చెయ్యి పెట్టుకుని కాసేపు కూర్చుని వచ్చేశాడు.

వాట్‌గంజ్ తెలుగువాళ్ళలో విమానమెక్కిన మొదటి మనిషి ఆయనే కావడంతో, ఆదివారం ఆరాధన అయ్యాక జనం చుట్టూ చేరి, మబ్బులు నిజంగా కిందుంటాయా అని అడిగేవారు. నాన్న జోళ్ళు తొడుక్కుని ఇంటికి వచ్చేసేవాడు. వాళ్ళని మాత్రం ఏమనగలం, పాపం, వాళ్ళ ముచ్చట వాళ్ళది.

ఇప్పుడు కబురు క్షణంలో చేరిపోతుంది, ఐసు పెట్టెలో ఉంచి రెండ్రోజులైనా ఎదురు చూస్తారు. ఆనాడు ఎదురు చూసే మనసుల్లేక కాదు, చూడాలని తెలియక. ఆవేళ నాన్న మెయిలుకే వెళ్ళి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. దూరాభారం, ఏం చేస్తాం అని అందరిలాగే ఏడ్చి, కొన్నాళ్ళకి ఊరుకునేవాడు. అంత దగ్గరదాకా వెళ్ళగలిగాడు గనకే పోయేదాకా ఊరుకోలేకపోయాడు.