పురుగుల గది కోసం తీసేసిన కాపర్‌టీ

నా కూతుర్ని ముళబాగిలు పక్క పల్లెలో పట్టుపురుగులు పెంచే ఇంటికి ఇచ్చాం. మొదటి కాన్పుకే ఆపరేషనైంది. ఒంట్లో రక్తం తక్కువ, మూడేళ్ల దాకా ఇంకొకటి వద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. మాత్రలైతే పనిలో పడి మరిచిపోతానని కూతురే ఆలోచించుకుని కాపర్‌టీ వేయించుకుంది. బిడ్డ బడికి పోయే వయసుకు వేమగల్ ఫ్యాక్టరీలో చేరాలని దాని ఆశ.

అది వేయించుకున్నాక నెలసరి ముందుకన్నా రెట్టింపు రోజులు సాగింది. కొన్నాళ్లకు సర్దుకుంటుందని నర్సమ్మ చెప్పింది. వేరే ఇల్లయితే ఓర్చుకునేదేమో. పురుగులు పెంచే ఇళ్లలో బయట చేరిన ఆడది ఆ గది గడప తొక్కకూడదు. తొక్కితే పురుగులకు రోగం తగులుతుందంటారు. మా పుట్టింట్లోనూ అదే కట్టుబాటు.

నేను చూడబోయిన రోజు పురుగులు నాలుగో జ్వరం లేచి ఉన్నాయి. అలా చివరి పొర విడిచాక ఎంత ఆకు వేసినా వాటికి చాలదు. వియ్యపురాలు మోకాలి నొప్పితో కుంటుతూ తట్టల మధ్య తిరుగుతోంది. కూతురు మల్బరీ కొమ్మలు మోసుకొచ్చి గుమ్మం బయటే దించుతోంది.

“రా వదినా,” అంది వియ్యపురాలు. “నీ కూతురికి ఇంగ నెలంతా పండగే. నేను చేసేది, ఆమె చూసేది.”

“పండగనా? దాని మొకం చూడు, సున్నం కొట్టినట్టుండాది.”

“అయితే ఆ పురుగులకు చెప్పు వదినా, కొన్ని దినాలు ఒక్కపొద్దు ఉండమని.”

కూతురు కూడా నవ్వింది. బావి దగ్గరికి వచ్చాక మెల్లగా చెప్పింది.

“తీసేయించుకుంటానమ్మా. అత్తకు కాళ్లు పడిపోతా ఉండాయి. ఆయనా గొణుగుతా ఉండాడు.”

“తీసేసి? ఇంగేం వాడతావు?”

“ఈ గూళ్ల పంట దిగనీ, ఆమీట అడుగుతాను.”

“తీసే దినమే నర్సమ్మను అడుగు. సూదిమందు ఉండాదంట గదా.”

“అడుగుతానులేమ్మా, నువ్వొకటి!”

అడగలేదు. ఆకు వేసే వేళ దాటిపోతుందని, తీయించుకోగానే బస్సెక్కి వచ్చేసింది. చెప్పు కరిస్తే ఇంకో జత వెతుక్కుంటాం గానీ వట్టి కాళ్లతో ముళ్లలో నడుస్తామా? ఒకటి పడకపోతే ఇంకొకటి ఉందని చెప్పేవాళ్లున్నారు, వినడానికి దానికే తీరిక లేకపోయింది. ఆ పంట దిగగానే ఇంకో పంట పెట్టారు. ఆ పట్టుగూళ్లు మార్కెట్టుకు పోయేనాటికి దానికి నెల తప్పింది.

డాక్టరమ్మ కోప్పడింది, కాన్పు నాటికి రక్తం ఎక్కించాల్సి రావచ్చంది. వియ్యపురాలు చెడ్డది కాదు. రోజూ రాగి గంజి కాచి, తాగేదాకా ఎదురుగా నిలబడుతుందట. వేమగల్ మాట మాత్రం ఇప్పుడు ఎవరూ ఎత్తడం లేదు.

మొన్న పోయేసరికి కూతురు పురుగుల గదిలోనే ఉంది. ఆరో నెల. ఒక చెయ్యి నడుము మీద పెట్టుకుని రెండో చేత్తో ఆకు పరుస్తోంది.

“కాసేపు కూసోమ్మే,” అన్నాను.

“ఇప్పుడు నన్నెవరూ బయట నిలబెట్టేది లేదు గదమ్మా,” అంది, తలెత్తకుండానే.

వియ్యపురాలు ఆకు తట్ట మోసుకొచ్చింది. “నీ కూతురి చెయ్యి మంచిది వదినా. కాన్పు దాకా ఇంగ అడ్డే లేదు,” అంది సంతోషంగా.

నేను చీర కొంగు నడుముకు దోపుకుని, ఆ తట్ట కూతురి చేతికి అందకుండా లాక్కున్నాను.