వదినకూ వాటా ఉంది

ఆవిడ అసలు పేరు వీధిలో చాలామందికి తెలియదు. చిన్నా పెద్దా అందరికీ దూదమ్మే. నెరిసిన జుట్టును చూసి పెట్టిన పేరు కాదది. జుట్టు నల్లగా నిగనిగలాడే రోజుల్లోనే అందులో ఎప్పుడూ నాలుగు దూదిపింజలు చిక్కుకుని ఉండేవి.

దూది ఏకడం, పరుపులు కుట్టడం, చలికి కప్పుకునే దూది రజాయిలు చేయడం తండ్రి దగ్గర నేర్చుకుంది. పని చేసేది వీధిలోకి తెరుచుకునే పొడవాటి గదిలో. పైకప్పు నుంచి దూదేకే విల్లు వేలాడుతూ ఉండేది. నారి మీద కొయ్య సుత్తి పడగానే గదంతా సన్నగా మోగి, ముద్దకట్టిన దూది విడిపోయి పొగలా పైకి లేచేది. మధ్యాహ్నం వెనక కిటికీలోంచి ఎండ వాలినప్పుడు చూడాలి ఆ గదిని. నేలా గోడలూ కరిగిపోయి, ఎక్కడో మబ్బుల మధ్య తేలుతున్నట్టు ఉండేది. ఎదురింటి చంటిపిల్ల ఆ మోతకే నిద్రపోయేది. దూదమ్మ కూడా చేతులు ఆడుతుండగానే ఎటో వెళ్లిపోయేది. తాను కుట్టిన పరుపుల మీద పడుకున్న వాళ్లందరూ ఒకే తెల్లటి మైదానంలో మెల్లగా నడుస్తున్నట్టు, ఎవరి అడుగూ వినపడనట్టు అనిపించేది ఆమెకు.

మనసు ఎక్కడ తిరిగినా పనిలో మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకునేది. పాత దూదిని కొత్తదానిలో కలిపి ఎరగదు. కొనేవాళ్లు చెయ్యి పెట్టి చూసుకునేందుకు ప్రతి పరుపుకీ ఒక మూల కుట్టకుండా వదిలేది. "కొనేవాడి కంటికి కనపడని చోటు ఒకటుంటుందమ్మా, అల్లా చూపు పడేది సరిగ్గా అక్కడే," అనేవాడు తండ్రి. వడ్డీకి అప్పిస్తామని వచ్చినవాళ్లను ఆయన మర్యాదగా కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి పంపేసేవాడు. "వాడికి నా లాభంతోనూ పని లేదు, నా నష్టంతోనూ పని లేదు. నేను మునిగినా వాడి లెక్క వాడికి రావాలి. అలాంటివాడు తోడెలా అవుతాడు?" ఏడాదికోసారి సంపాదనలోంచి బీదవాళ్ల కోసం కొంత తీసేవాడు. దాన్ని దానమంటే ఒప్పుకునేవాడు కాదు. వాళ్లది మన దగ్గర ఉండిపోయింది, ఇచ్చేస్తున్నాం, అంతే అనేవాడు.

తండ్రి పోయాక దూది కొనడానికి చేతిలో డబ్బు ఆడలేదు. అప్పుడు మేడ మీద గదిలో ఉండే వదిన, అంటే పోయిన అన్న భార్య, తన బంగారు గాజులు అమ్మి తెచ్చి ముందు పెట్టింది. డబ్బు ఆవిడది, కష్టం దూదమ్మది. లాభం వస్తే చెరి సగం. నష్టం వస్తే వదినకు డబ్బు పోతుంది, దూదమ్మకు పడ్డ కష్టం పోతుంది. మొదటి వానాకాలంలోనే కప్పు కారి దూది కుళ్లిపోయింది.

"నా గాజులు బూజు పట్టాయే!" అంది వదిన, నల్లబడ్డ దూది చేత్తో పట్టుకుని.

"నా నడుమూ పట్టింది వదినా, ఏం చేద్దాం?" అంది దూదమ్మ.

ఇద్దరూ ఆ కంపులోనే కూర్చుని, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వుకున్నారు. ఆ తర్వాత వదిన కూడా సూది పట్టింది. కుట్టు కూలి వేరుగా తీసుకునేది. వ్యాపారం నెమ్మదిగా నిలదొక్కుకుంది.

అలా కొన్నేళ్లు గడిచాక, ఒక ఏడు చలి గట్టిగా ఉంటుందని చెప్పుకున్నారు. దూది దొరకడం కష్టమైంది. దూదమ్మ గదిలో మాత్రం కుట్టిన రజాయిలు కప్పుదాకా పేర్చి ఉన్నాయి. ఒక ఉదయం బజారు వ్యాపారి వచ్చాడు.

"అన్నీ నాకిచ్చెయ్యండమ్మా. రెట్టింపు ధర ఇప్పుడే చేతిలో పెడతాను. సరుకు నా గోడౌనులో వేసి తాళం పెడతా. జనం వణికినప్పుడు తీస్తాను."

"వణికేవాళ్లు ఇప్పుడే కొనుక్కుంటారు లెండి," అని దూదమ్మ అక్కడికక్కడే పంపేసింది.

ఆ రోజంతా ఆమెకు ఒళ్లు తేలికగా, ఏదో గెలిచినట్టు ఉంది. సాయంత్రం మసీదు పెద్దాయన చిరిగిన దిండుతో వస్తే, ఆగలేక జరిగిందంతా చెప్పింది. ఆయన మెచ్చుకుంటాడనుకుంది. ఆయన దిండు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"సరుకు దాచి ధర పెంచడం తప్పే తల్లీ. దాచేవాడికి తెలిసి అందించడమూ తప్పే. అందులో నీ మాట నిజం. మరి మీ వదినను అడిగావా?"

"ఆవిడనెందుకు పెద్దయ్యా? తప్పని తెలిసినదానికి..."

"ఆ రజాయిల్లో ఉన్న డబ్బు ఆవిడది. నమ్మి నీ చేతిలో పెట్టిన అమానతు. నీ మంచితనానికి ఆవిడ సొమ్ము ఖర్చు పెట్టేటప్పుడు ఒక్క మాట చెప్పొద్దూ? నువ్వు వద్దన్నది మంచి పనే. కానీ ఆవిడ మాట కూడా నువ్వే చెప్పేశావు."

దూదమ్మకు తల కొట్టేసినట్టయింది. చేస్తున్న పని పక్కన పెట్టి మేడ మెట్లు ఎక్కింది.

వదిన కిటికీ దగ్గర సూదిలోకి దారం ఎక్కిస్తోంది. పెద్దయ్య మాటతో సహా జరిగిందంతా విని, దారం వదిలేసింది.

"రెట్టింపా? నన్ను అడక్కుండానే పొమ్మన్నావా?"

"తప్పయిపోయింది వదినా. అందుకే వచ్చాను. నువ్వేమంటే అది. వాడికే ఇవ్వాలంటే లెక్క చూసి నీ డబ్బుకీ వాటాకీ సరిపడా రజాయిలు తీసుకుని నువ్వే అమ్ముకుందువుగాని. ఆ అమ్మకంలో మాత్రం నేనుండలేను."

"మనమేం దాస్తున్నామే? అమ్ముతున్నాం. దాచేది వాడు. ఆ పాపమేదో వాడి నెత్తిన!"

వదిన ముఖం తిప్పుకుని చాలాసేపు వీధిలోకి చూస్తూ కూర్చుంది. కింద గదిలోంచి లేచిన దూదిపింజ ఒకటి గాలికి పైకొచ్చి, కిటికీ ముందు ఎటూ పోకుండా ఆడుతోంది.

"మీ అన్నయ్య జబ్బులో ఉన్నప్పుడు మందుల కొట్టువాడు మందు అయిపోయిందన్నాడు, గుర్తుందా?" అంది చివరికి, గొంతు తగ్గించి. "వారం తిరక్కుండా అదే కొట్టులో, అదే మందు, మూడింతల ధరకు దొరికింది. ఆ వారమే ఆయన..." సూదిని కిటికీ చెక్కలో గుచ్చింది. "ఇవ్వొద్దు. వాడికి ఒక్కటి కూడా ఇవ్వొద్దు. ఇది నీ కోసం చెప్పట్లేదు, మీ పెద్దయ్య కోసమూ కాదు."

రజాయిలు మామూలు ధరకే అమ్మారు. ఇంటికి ఒకటో రెండో, అంతకన్నా ఎక్కువ ఎవరికీ ఇవ్వలేదు. చలి నిజంగానే విరుచుకుపడింది. బజారులో ధర మూడింతలైంది. ఆ కబురు విన్నప్పటి నుంచీ వదిన ముభావంగా ఉంది. ఒప్పుకోవడం వేరు, కడుపు మండకుండా ఉండటం వేరు. కిందికొచ్చి కుడుతుంది, కూలి తీసుకుంటుంది, పైకి వెళ్తుంది. దూదమ్మ ఆ మౌనాన్ని నెత్తిన పెట్టుకుని మోసింది. తనకు రావలసిందే అనుకుంది.

ఒక పొద్దున, వీధి మూలనున్న ముసలి దంపతులకు చివరి రజాయి ఇచ్చి రావడానికి ఇద్దరూ బయల్దేరారు. ఇద్దరు కప్పుకునే పెద్దది, ఒక్కరు మోయడం కష్టం. మంచు దట్టంగా పట్టింది. ఇళ్లు సగం నుంచి పైకి కనపడటం లేదు. వీధి చివర ఏముందో తెలియడం లేదు. మాటలు నోటి నుంచి తెల్లగా వచ్చి విడిపోతున్నాయి. అలా నడుస్తుంటే మెల్లగా ఎండ విచ్చుకుంది. ఒక్కొక్క మేడే మంచులోంచి బయటికి వచ్చింది. ప్రతి పిట్టగోడ మీదా ఎండకని ఒక రజాయి ఆరేసి ఉంది. ఎర్రవి, నీలివి, పూలవి. ఎండ తగిలి వాటిలోంచి సన్నగా ఆవిరి లేస్తోంది. వాటి కింద రాత్రంతా పడుకున్నవాళ్ల ఊపిరి ఇంకా పోలేదేమో అనిపించింది దూదమ్మకు. ఆమె నడవడం మరిచి నిలబడిపోయింది.

వదిన కూడా ఆగింది. తలెత్తి ఒక్కొక్కటే చూస్తూ ఒకచోట కళ్లు చికిలించింది.

"ఆ నీలం రజాయి చూడు. ఆ కుట్టేమిటే, తాగినవాడి నడకలా పోయింది!"

"నీదే వదినా."

"నాదెందుకవుతుంది?" అంది వదిన. మళ్లీ చూసింది. "నాదే!" అని ఫక్కున నవ్వింది. ఎన్నాళ్లకో విన్న నవ్వు. ఆ నవ్వుకు ఊగి రజాయి జారబోతే ఇద్దరూ కలిసి పట్టుకున్నారు.

"ఇంకోసారి నన్నడక్కుండా ఎవరినైనా పంపేశావో..." అంది వదిన, బరువు భుజం మార్చుకుంటూ.

"అడుగుతాను."

"మంచి పనైనా సరే, అడగాలి."

"మంచి పనైతే ఇంకా ముందే అడుగుతాను వదినా."

వదిన ముందు, దూదమ్మ వెనక, ఎండ పడుతున్న వీధిలో మెల్లగా సాగిపోయారు.