బాబాయి బండి చప్పుడు

మొన్న మా కుక్కకి ఒంటి మీద ఇన్ఫెక్షన్ వస్తే రాజమండ్రిలో డాక్టరమ్మకి చూపించాను. యాంటీబయాటిక్ రాసిచ్చి, "వాంతులైనా, విరేచనాలైనా, తిండి మానేసినా వెంటనే ఫోన్ చెయ్యండి. మీ అంతట మీరు ఎక్కువ రోజులు వాడకండి" అని ఒకటికి రెండుసార్లు చెప్పింది. వింటుంటే నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఈ మాట దాచకుండా చెప్పే మనిషి ఉండుంటే మా బాబాయి కుక్కకి ఆ గతి పట్టేది కాదు.

బాబాయికి రావులపాలెంలో అరటిగెలల కమీషన్ కొట్టు, కాలవ గట్టు మీద ఇల్లు. సాయంత్రం ఆయన పాత స్కూటరు కాలవ లాకుల దగ్గర మలుపు తిరగ్గానే, మనకింకా ఏమీ వినపడకముందే, కుక్క వెళ్లి గేటు దగ్గర నిలబడేది. అది చూసి పిన్ని టీ పెట్టేది. గోడ గడియారం ఆగిపోయినా ఆ ఇంట్లో ఎవరికీ పట్టేది కాదు. కుక్కకి పిల్లలు పెట్టిన ఇంగ్లీషు పేరొకటి ఉండేది గానీ, బాబాయి మాత్రం "ఏరా" అనే పిలిచేవారు. సంచీలోంచి చక్కెరకేళి పండు తీసి సగం దానికి పెట్టాకే చెప్పులు విప్పేవారు. మిగతా సగమైనా పిన్నికి దక్కేది కాదు, అది వేరే గొడవ.

నాలుగేళ్ల కిందట దాని కాలికి పుండు పడి చీము పట్టింది. బాబాయి చిన్ననాటి స్నేహితుడొకాయన పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరయ్యారు. ఆయనే దాన్ని డాక్టరుకి చూపించి, రోజూ ఇంటికొచ్చి ఇంజక్షన్ చేసేవారు. పిన్ని పెసరట్లు వేసి పెట్టేది. పుండు మానింది. ఆయన్ని దేవుడన్నాం.

తర్వాత అది గేటు దగ్గరికి రావడం మానేసింది. పిలిచినా పలకదు. "సూదులు పొడిపించానని కోపం పెట్టుకుంది. ఇన్నేళ్లు పెంచితే ఇదా విశ్వాసం?" అని బాబాయి నిజంగానే నొచ్చుకుని, పండు తేవడం మానేశారు. దీపావళికి ఏటా మంచం కింద దూరే కుక్క, ఆ ఏడు అరుగు మీద హాయిగా నిద్రపోయింది. ధైర్యం వచ్చిందని మేం మురిసిపోయాం. పిన్ని ఒక్కతే మురిసిపోలేదు. వెనకనుంచి వెళ్లి దాని చెవి దగ్గర గట్టిగా చప్పట్లు చరిచింది. అది కదల్లేదు.

"ఏవండీ, దీనికి వినపడట్లేదండీ" అంది.

డాక్టరు గారిని అడిగితే, "ఆ ఇంజక్షన్ వారం దాటొద్దు, చెవులు పోతాయని మీ కాంపౌండరు గారికి గట్టిగా చెప్పానండి" అన్నారు. ఆ సాయంత్రం స్నేహితుణ్ణి పిలిపించారు బాబాయి. ఆయనేమీ దాచలేదు.

"చెబితే కంగారుపడి మధ్యలో ఆపించేస్తావని చెప్పలేదురా. పుండు తిరగబెట్టకూడదని ఇంకొన్నాళ్లు చేశాను. కుక్కే కదా, చెవులు లేకపోతే ఏమైపోద్ది?"

బాబాయి అరవలేదు. "నిన్ను నమ్మి, దాన్ని అనుమానించానురా" అని లోపలికి వెళ్లిపోయారు. ఆ స్నేహం అక్కడితో సరి. నాకైతే ఆయన మీద కోపం ఇప్పటికీ పోలేదు, పోగొట్టుకోవాలనీ లేదు.

మర్నాటి నుంచి బాబాయి మళ్లీ పండు తెచ్చేవారు, ఎదురుగా కూర్చుని, అది చూశాకే చెయ్యి చాచేవారు. చప్పుడు వినపడని కుక్కకి ఆయనెప్పుడొస్తారో ఎలా తెలుస్తుంది? అందుకని పొద్దున్న బండి వెళ్లగానే గేటు వైపు తిరిగి కూర్చునేది. అది చచ్చిపోయేవరకూ దానికి రోజంతా ఆయన వచ్చే వేళే.