భీమారావు నిద్ర రిజిస్టరు

రాయ్‌పూర్ డబ్ల్యూఆర్ఎస్ కాలనీ చుట్టుపక్కల రిటైరైన తెలుగువాళ్ళకు కొదవ లేదు గానీ, తాను రిటైరయ్యానని ఒప్పుకోనివాడు మాత్రం భీమారావు ఒక్కడే. పలాస నుంచి వచ్చి అక్కడి రైల్వే వ్యాగన్ల మరమ్మతు షాపులో ముప్ఫయ్యారేళ్ళు పనిచేశాడు. ఆఖరి పదేళ్ళు సూపర్‌వైజరు. మరమ్మతైన వ్యాగన్‌ని పరీక్షించి రిజిస్టర్లో "ఫిట్" అని సంతకం పెట్టడం ఆయన పని. ఎండలు మండే రోజుల్లో వ్యాగన్ దాకా వెళ్ళకుండానే సంతకం పడిపోయేదని గిట్టనివాళ్ళు అంటారు. గిట్టినవాళ్ళు కూడా అంటారు.

2016 జూన్‌లో ఆయనకి మళ్ళీ ఓ పని దొరికింది. మనవరాలు నవ్యకి అప్పుడు ఎనిమిదో నెల. రాత్రి పడుకోబెడితే గంటకోసారి లేచి ఇల్లు పీకి పందిరి వేసేది. కొడుకు వివేక్‌కి ఉక్కు ఫ్యాక్టరీలో నైట్ డ్యూటీ, కాబట్టి ఆ గొడవ అతనికి వినికిడి మాత్రమే. కోడలు కల్యాణి తిల్దాలో ఒక ప్రైవేటు బళ్ళో టీచరు. సెలవులైపోయి బడి తెరిచారు, రోజూ పొద్దున్న ఆరున్నరకల్లా ఇల్లు కదిలి రైలందుకోవాలి. పిల్ల పడుకోకపోతే తల్లికి నిద్ర లేదు, తల్లికి నిద్ర లేకపోతే ఉద్యోగం నిలవదు. ఇంట్లో అత్తాకోడళ్ళిద్దరికీ ఈ భయం పట్టుకుంది. భీమారావుకి మాత్రం ఇందులో పిల్లకి షెడ్యూలు లేకపోవడమే కనిపించింది.

"మీకు సిస్టం నేదమ్మా. వ్యాగనైనా పిల్లైనా టైం పెడితే టైంకి నడుస్తాది. ఇది నాకొగ్గేయండి" అన్నాడు కోడలితో.

ఆ సాయంత్రమే పాత రిజిస్టరొకటి దులిపి గళ్ళు గీశాడు. ఎనిమిదింపావుకి పాలు. ఎనిమిది నలభైకి లైటు బంద్. జోలపాట మూడు చరణాలు, నాలుగోది పాడితే పిల్ల దానికి మరుగుతుంది. ఏడిస్తే పది నిమిషాల దాకా ఎత్తకూడదు. మరమ్మతైన వ్యాగన్ మీద వేసినట్టే ఉయ్యాల చెక్క మీద సుద్దముక్కతో తేదీ కూడా వేశాడు. అంతా ముగించి, ముందుగదిలో కూలరు పెట్టుకుని, దాని హోరులో తొమ్మిదికల్లా గుర్రు పెట్టేవాడు. తెల్లారి లేచి రిజిస్టరు తెరిచి, తన చెవికి ఏ ఏడుపూ వినపడలేదు గనక "రాత్రంతా నిద్ర. ఫిట్" అని రాసి సంతకం పెట్టేవాడు.

అలా తొమ్మిది ఫిట్లు పడ్డాయి. భీమారావుని పట్టడం ఎవరి తరమూ కాలేదు. తెలుగు సంఘం ఆదివారం మీటింగులో శిశునిద్ర మీద పావుగంట ఉపన్యాసం ఇచ్చాడు. విన్నవాళ్ళలో ఇద్దరు అక్కడే కునుకు తీశారు గనక పద్ధతి మంచిదనే అనుకోవాలి.

పదో రోజున కల్యాణి రైల్లో నిద్రపోయింది. తిల్దా వచ్చింది, వెళ్ళిపోయింది. భాటాపారాలో ఎవరో తట్టి లేపితే దిగి, వెనక్కి రైలు పట్టుకుని బడికి చేరేసరికి పదిన్నర. అప్పటికే రెండుసార్లు లేటు. ఇంకొక్కసారి లేటైతే వేరే టీచర్ని చూసుకుంటామని ప్రిన్సిపాల్ మొహం మీదే చెప్పింది.

ఆ సాయంత్రం భీమారావు విచారణ పెట్టాడు. రిజిస్టరు ఒళ్ళో ఉంది.

"తొమ్మిది రాత్రులూ పాప లేవనేదు. మరి నీకు నిద్దరెందుకు చాలట్లేదమ్మా? ఫోన్ చూస్తన్నావా?"

"మావయ్యా, నిన్న రాత్రి నాలుగుసార్లు లేచింది. మీ నీంద్ ఖరాబ్ అవుద్దని ఏడవక ముందే ఎత్తుకుంటున్నాను."

"రిజిస్టర్లో నేదే" అన్నాడు భీమారావు, నిజంగానే ఆశ్చర్యపడి.

కల్యాణి కళ్ళు తుడుచుకుని రేపటి పాఠం పుస్తకం తీసుకుంది. వంటింట్లోంచి భీమారావు భార్య దాలమ్మ వచ్చింది. కోడలి గదిలోని ఉయ్యాల ఊడదీయించి ముందుగదిలో భర్త మంచం పక్కన వేయించింది. కూలరు ఆపేసింది. పాలసీసా అతని చేతికిచ్చింది.

"కల్యాణీ, నువ్వు తలుపేసుకుని పడుకోమ్మా. రేపు రైలు తప్పితే నీ నౌకరీ పోతాది. నాకూ నడుం పట్టేసింది, నేనూ పడుకుంటాను."

ఆ రాత్రి నవ్య షెడ్యూలు చూసుకోలేదు. పదిన్నరకి లేచింది. పది నిమిషాలు ఏడవనివ్వాలన్న నియమం మూడో నిమిషానికే భీమారావు స్వయంగా రద్దు చేశాడు. పన్నెండుకి లేచింది. రెండింటికి సీసా విసిరికొట్టింది. మూడింటికి భీమారావు కోడలి గది తలుపు దాకా వెళ్ళాడు. చెయ్యెత్తాడు. తడితే కోడలు లేస్తుంది, లేస్తే రేపు మళ్ళీ భాటాపారాయే. చెయ్యి దించేశాడు. ఆయన జీవితంలో నిజంగా చేసిన తనిఖీ అదొక్కటేనేమో. చెమటలు కారుతుండగా పిల్లని భుజాన వేసుకుని, ఎన్నో చరణమో తెలియని జోల పాడుకుంటూ తెల్లారేదాకా తిరిగాడు.

కల్యాణి నిండా నిద్రపోయిన మొహంతో లేచి, ఆరున్నరకి గుమ్మం దాటింది. ఎనిమిదింటికి బళ్ళో ఉన్నానని ఫోన్ చేసింది. అప్పుడే నవ్య తాతయ్య భుజమ్మీద నిద్రలోకి జారింది. కూర్చుంటే లేస్తుందేమోనని ఆయన నిలబడే ఉన్నాడు.

దాలమ్మ టీ తెచ్చింది. భీమారావు గొంతు తగ్గించి అడిగాడు.

"మన ముగ్గురు పిల్లలూ ఇలాగే లేచేవోరా?"

"ఇంతకన్నా ఎక్కువే. తొమ్మిదేళ్ళు నాకు సరైన నిద్దర నేదు."

"మరి నాకెప్పుడూ సెప్పనేదేటి?"

దాలమ్మ టీ గ్లాసు అతనికి అందేలా పెట్టింది.

"ఎప్పుడు సెప్పాలండీ? మీరు పడుకునుండేవోరు."