మొదటి కారు నుంచి పెట్టెల బండి దాకా

మొన్నామధ్య మా ఊళ్ళో ఓ సన్మాన సభకు వెళ్ళాను. కిందటేడు వేదిక మధ్యన కూర్చున్న పెద్ద ఆఫీసరు ఈసారి చివరి వరసలో, ఫ్యాను గాలి అందని మూల ఒక్కడే కూర్చుని ఉన్నాడు. రిటైరయ్యాడట. అప్పుడు ఆయన చేతిసంచీ మోయడానికి పోటీపడినవాళ్ళే ఇప్పుడు ఫోను చూసుకుంటూ పక్కనుంచి వెళ్ళిపోతున్నారు. మనసు చివుక్కుమంది గానీ, ఆశ్చర్యం మాత్రం కలగలేదు. ఈ విషయంలో పడాల్సిన ఆశ్చర్యమంతా నేను దుబాయ్‌లో ఒక చైనా ఆయన దగ్గర ఎప్పుడో పడి వచ్చాను.

అప్పట్లో నేను షార్జాలో, రోలా సందుల్లో ఒక గదిని మరో నలుగురితో పంచుకుంటూ, దుబాయ్ అల్ ఖూజ్‌లో స్టేజీలూ షామియానాలూ బళ్ళూ అద్దెకిచ్చే కంపెనీలో డ్రైవరుగా ఉండేవాణ్ణి. ఆ రోజుల్లో అక్కడున్నవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, చలి మొదలైతే చాలు, దేశదేశాల ఆటపాటల బృందాలు దిగేవి. వాళ్ళను విమానాశ్రయం నుంచి తీసుకొచ్చే బళ్ళకు మా ముదీర్, అంటే మా మేనేజరు, పెట్టిన వరస ఒకటుండేది. మొదటి కారు అందరికన్నా పెద్దాయనకు, రెండోది ఆయన తర్వాతివాడికి, బస్సు ఆటగాళ్ళకు, చివర్లో పెట్టెలు మోసే పికప్పు. ఎవరు ఏ బండి ఎక్కారో చూస్తే చాలు, ఆ మనిషి హోదా ఏమిటో మాకు తెలిసిపోయేది.

ఆ చైనా ఆయన రెండువేల రెండులో మొదటిసారి వచ్చినప్పుడు బస్సు ఎక్కాడు. వాళ్ళ జిల్లా నాటక బృందానికి మేనేజరట. సన్నటి మనిషి, చొక్కా చేతులు పైకి మడిచి, ఆడవాళ్ళ వేషాల పెట్టెలు తానే దించేవాడు. మా ఇద్దరికీ మాట కలిసే భాష లేదు గానీ, గాజుసీసాలో ఆకులు తేలుతుండే తన టీ నాకూ పోసేవాడు. అది చేదు విషం, అయినా మొహమాటానికి తాగేవాణ్ణి. రెండేళ్ళకు మళ్ళీ వచ్చినప్పుడు రెండో కారు ఎక్కాడు. జిల్లా సాంస్కృతిక శాఖ మొత్తం ఆయన చేతికి వచ్చిందనీ, కూలిపోతున్న పాత నాటకశాలలు బాగుచేయించి, గొంతు పోయిన ముసలి గాయనులకు పింఛను ఇప్పించాడనీ వాళ్ళ మాటలు మాకు హిందీలో చెప్పే దుబాసీ అమ్మాయి చెప్పింది. ఆ పిల్లదీ చైనాయే. దుబాయ్‌లోనే డేరా బజారులో సూట్‌కేసుల దుకాణంలో పనిచేస్తూ, మనవాళ్ళతో బేరాలాడీ ఆడీ హిందీ పట్టేసింది.

రెండువేల ఆరులో ఆయన నా కారు ఎక్కాడు, అంటే మొదటి కారు. వాళ్ళ రాష్ట్రానికి ఉపగవర్నరయ్యాడట. బస్సులో వచ్చిన మనిషి అంత ఎత్తుకు వెళ్ళాడా అని దుబాసీ అమ్మాయిని రెండుసార్లు అడిగాను. పైగా వెనక సీటు వదిలేసి ముందుకొచ్చి నా పక్కన కూర్చున్నాడు, మా ముదీర్ కళ్ళు తేలేశాడు!

రెండువేల ఎనిమిదిలో మళ్ళీ అదే బృందం వస్తోందంటే కారు నేనే కడిగి, అత్తరు చల్లి, తలుపు పట్టుకుని నిలబడ్డాను. ఎవడో ముఖమెరుగని కోటువాలా వచ్చి దర్జాగా ఎక్కి కూర్చున్నాడు. నేను ఆయన కోసం వెతుకుతున్నాను. అందరికన్నా చివర, పెట్టెల బండి తోసుకుంటూ వచ్చాడు. జుట్టంతా నెరిసింది. సలాం చేద్దామని పరుగెత్తబోతే దుబాసీ అమ్మాయి నా చొక్కా పట్టి ఆపింది.

"సలాం మత్ కరో భయ్యా, ఉన్‌కో ముసీబత్ హోగీ."

నేను సలాం చేస్తే ఆయనకు ముప్పేమిటి? ఆ సాయంత్రం టీకొట్టు దగ్గర సంగతంతా చెప్పింది. నాటకశాలలు పడగొట్టి అంగళ్ళు కడదామన్న పైవాళ్ళకు ఆయన అడ్డం తిరిగాడట. పదవి ఊడింది. ఇప్పుడు బృందంలో పెట్టెలు మోస్తున్నాడు. ఆయన్ను ఇంకా ఎవరైనా పెద్దమనిషిలా చూస్తున్నారని పైవాళ్ళు బృందం మీద పెద్దగా పెట్టి పంపిన ఆ కోటువాలా కనిపెడితే ఆ కూలిపనీ పోతుంది, ఆయన్ను పనిలో పెట్టుకున్న పాపానికి బృందమూ మూతపడుతుంది.

మర్నాడు చూసింది అంతకన్నా ఘోరం. ఆయన పింఛను ఇప్పించిన, ఇప్పుడు బృందంలో వేషాలు చూసుకునే ముసలి గాయనే, అందరి ముందూ, కోటువాలా చూస్తుండగా, వేషాల పెట్టెను ఆయన కాళ్ళ దగ్గరకు విసిరి గుక్కతిప్పుకోకుండా తిట్టింది. ఆయన మారుమాటాడకుండా వంగి ఎత్తుకున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత విశ్వాసఘాతుకమా అని దుబాసీ పిల్లను నిలదీశాను. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంది. ఈ చేతకానివాడు మోతకైనా పనికొస్తాడని కోటువాలాను బతిమాలి ఆయన్ను పనిలో పెట్టించింది ఆ ముసలావిడేనట. ఆవిడ ఎంత గట్టిగా తిడితే ఆయనకు అంత క్షేమమట. తిట్టడం కూడా అన్నం పెట్టడమేనని నాకు ఎవరు చెప్పారు గనుక!

వాళ్ళు వెళ్ళిపోయే రోజున నన్ను పికప్పుకు వేశారు. పెట్టెలు ఎక్కిస్తున్నాం. కోటువాలా పక్కనే నిలబడి చూస్తున్నాడు. ఆయన చివరి పెట్టె ఎత్తబోయి, ఆయాసపడి ఆగి, నావైపు చూశాడు. నా చెయ్యి దానంతట అదే సలాం చేయడానికి గుండె మీదికి లేచింది. లేచిన చేతిని బలవంతంగా ఆయనవైపు ఆడించి, ముసలోడా త్వరగా ఎత్తమని గొంతు చించుకుని అరిచాను.

"యల్లా బుడ్ఢే, జల్దీ ఉఠా!"

కోటువాలా నవ్వి అటు తిరిగాడు. ఆయన తలొంచుకుని పెట్టె లోపలికి నెట్టి, టార్పాలిన్ తాడు కడుతున్న నా చేతిని ఆ మాటున ఒక్కసారి గట్టిగా నొక్కాడు. విమానాశ్రయం దాకా నాకు దారి మసకగానే కనబడింది.

ఇప్పుడు ఆ దారిలో తల మీద మెట్రో పోతోందట. మా కంపెనీ లేదు. దుబాసీ పిల్ల ఏ దేశంలో ఉందో తెలియదు. ఆయన ఉన్నాడో లేడో ఎవరిని అడగాలి? ఈ రోజుల్లో గౌరవం చవకైపోయింది. తెల్లారితే ఫోను నిండా జోడించిన చేతుల బొమ్మలు, పూలగుత్తులు. నేనూ అందరికీ పంపుతూనే ఉంటాను, పంపినవి ఎవరికో సాయంత్రానికి గుర్తుండదు. ఇన్నేళ్ళ బతుకులో నేను మనస్ఫూర్తిగా చేసిన సలాం ఏదని అడిగితే, అల్లా సాక్షిగా, ఆ ముసలాయన మీద అరిచిన ఆ అరుపే.