అన్నయ్య కుడిచెవి

గేట్లకు వెల్డింగ్ చేసే ఆ పెద్దాయన తెలియనివాళ్లు వీధిలో లేరు. పొద్దున్నే షట్టరెత్తి, ముఖానికి నల్లద్దం అడ్డం పెట్టుకుని పనిలో కూర్చునేవాడు. పదేళ్లుగా షుగరు. "షుగరు నన్ను పట్టుకోలేదురా, నేనే దాన్ని పట్టుకున్నా" అని నవ్వేవాడు. మాత్రలు గుర్తొస్తే వేసుకునేవాడు, లేకపోతే లేదు. ఎదురు వరసలో మందుల షాపు ఆయన తమ్ముడిది.

ఒకరోజు కుడిచెవి పట్టుకుని ఆ షాపుకొచ్చాడు.

"ఒరేయ్, చెవిలో మేకు దిగ్గొడుతున్నట్టుందిరా. ఏదైనా చుక్కలమందు ఇవ్వు."

తమ్ముడు లైటు వేసి చూశాడు. కాస్త చీము కనిపించింది. చుక్కలు ఇచ్చాడు. అవి అయిపోతే ఇంకో సీసా, ఆపైన నొప్పి మాత్రలు.

"ఒకసారి డాక్టరుకి చూపిద్దాం అన్నయ్యా."

"నువ్వుండగా డాక్టరెందుకురా?"

ఆ మాటకు తమ్ముడు లోలోపల పొంగిపోయాడు. మళ్లీ డాక్టరు ఊసెత్తలేదు. అలా రెండు నెలలు గడిచాయి. అన్న, తల దిండుకు ఆనించలేక, గోడకు చేరగిలబడి కునుకు తీసేవాడు.

ఒక ఉదయం వదిన చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చింది.

"మరిదీ, ఒక్కసారి రావయ్యా! మీ అన్నయ్య తాగిన నీళ్లు తాగినట్టే బయటికి కారిపోతున్నాయి."

వెళ్లి చూస్తే, మూతి ఎడమవైపు లాగేసింది. కుడికన్ను మూతపడటం లేదు.

చెవి డాక్టరు స్కానింగ్ చూసి తల పంకించాడు. "ఇది మామూలు చెవిపోటు కాదు. పుర్రె ఎముకలోకి పాకింది. షుగరున్నవాళ్లకి ఇలా ముదురుతుంది. ఇన్నాళ్లూ ఏం వాడారు?"

వదినే చెప్పింది, "మా మరిదే మందిచ్చాడండీ." ఆమె గొంతులో నిష్ఠూరం లేదు, ఇంకా నమ్మకమే ఉంది. తమ్ముడు తలదించుకున్నాడు.

నరంలోకి రోజూ యాంటీబయాటిక్ ఎక్కించారు. పూటపూటకూ వేలు పొడిచి షుగరు చూసి, ఇన్సులిన్ ఇచ్చారు. మూడోవారానికి చీము ఆగింది. తమ్ముడు ఆశపడ్డాడు. అయిదోవారంలో అన్న గొంతు బొంగురుపోయింది, మెతుకు మింగుడుపడలేదు. ముక్కులోంచి గొట్టం వేశారు.

"మందుకు లొంగట్లేదు. గొంతు నరాలకీ పాకింది" అన్నాడు డాక్టరు.

ఆ మధ్యాహ్నం అన్న సైగచేసి తమ్ముణ్ని దగ్గరికి పిలిచాడు. చెవి ఒగ్గితే తప్ప మాట వినపడలేదు.

"నీ షాపులో... ఇంకేమన్నా ఉందేమో చూడరా."

"చూస్తానన్నయ్యా" అని తమ్ముడు బయటికొచ్చి వరండా గోడకు ముఖం ఆనించాడు.

ఆ తర్వాత తొమ్మిదోరోజు అన్న పోయాడు. ఇంట్లో ఎవరూ తమ్ముణ్ని పల్లెత్తు మాట అనలేదు. ఎవరో ఒకరు అంటే బాగుండునని అతను చాలాకాలం ఎదురుచూశాడు.