కొండలకు వీపు పెట్టిన మామ్మ

ఈ రోజు విశాఖ నుంచి అరకు రైల్లో అద్దాల పెట్టె ఎక్కాను. కొండలు బాగా కనిపించాలని సీటును కిటికీ వైపు తిప్పుకుని, ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. నా ముందు సీటులో ఒక అరకు మామ్మ. ఆమె లేచి, కాలితో మీట నొక్కి, పక్కన కునుకుతున్న మనవరాలితో సహా సీటును గిర్రున నా వైపు తిప్పేసింది. ఆమె తల నా కిటికీకి అడ్డం వచ్చింది. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"మామ్మా, కొండలు అటున్నాయి," అన్నాను.

"అవి రోజూ సూసే కొండలే బాబూ. మనిసికి వీపెట్టి కూకుంటే ఏటి బాగుంటాది? మా ఊర్లో అలా కూకోం," అంటూ సంచీలోంచి సీతాఫలం తీసి నా చేతిలో పెట్టింది. "బేగి తిను, ముగ్గిపోనాది."

ఇక నేనూ ఆమె వైపు సీటు తిప్పక తప్పలేదు. బొర్రా దాటేసరికి పక్కవాళ్ళూ తిప్పేశారు. వాళ్ళ జంతికలు ఇటొచ్చాయి, నా పులిహోర అటెళ్ళింది. మనవరాలు లేచి అందరి పేర్లూ అడిగింది.

అరకులో దిగాక చూస్తే ఫోన్లో ఒక్క ఫొటో లేదు. చేతినిండా సీతాఫలం గుజ్జుంటే ఎలా తీస్తాను?

అద్దాల పెట్టెలో కూర్చుని, కొండలు చూడకుండా, ఇంత సంతోషంగా అరకు చేరినవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా?